జొన్నచేనుకి పాటతో పనేంటి?

ఈ మధ్య ఏ కాలేజీ సెమినార్ పోస్టర్ చూసినా, ఏ సాహిత్య సభ ఇన్విటేషన్ చూసినా ఒక మాట కామన్‌గా కనిపిస్తోంది. పర్యావరణం, సాహిత్యం, సంగీతం మూడూ కలిస్తే సమాజం బలపడుతుందట. కాదనేవాళ్ళు ఎవరుంటారు? స్టేజీ మీద ఒక మొక్కకి నీళ్ళు పోస్తారు, ఒకాయన పద్యం చదువుతాడు, ఒక అమ్మాయి ప్రార్థనాగీతం పాడుతుంది, తర్వాత భోజనాలు, అయిపోయింది. సరే, ఎలా బలపడుతుంది, ఈ మూడిట్లో ఏది దేనికి ఊతమిస్తుంది అని అడిగితే మాత్రం ఎవరూ సూటిగా చెప్పరు.

నాకు తెలిసినంతలో ఆ "ఎలా" అన్నది కంటికి కనిపించే చోటు ఒకటుంది, హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే వచ్చే జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు. అక్కడ పాటా, సామెతా కొడవలీ గంపా లాగే సేద్యంలో పనిముట్లు. కాకపోతే ఒట్టి పనిముట్టుతో ఏ పనీ అవదు, ముందు నేల ఉండాలి, విత్తనం ఉండాలి, ఇంట్లో నాలుగు గింజలుండాలి. ఈ వరస తిరగేసి పాటతో మొదలుపెట్టిన చోట వ్యవహారం కల్చరల్ ప్రోగ్రాం దగ్గరే ఆగిపోతోంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి వివరం.

ముందు నేల సంగతి. జహీరాబాద్ వైపు ఎక్కువగా ఎర్రనేలలు, పైన పల్చటి మట్టి కింద రాయి, మధ్యమధ్యలో నల్లరేగడి ముక్కలు. కాలవలు లేవు, వాన పడితేనే పంట. ఇలాంటి చోట తరతరాలుగా జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద (కోస్తాలో రాగులు, చోళ్ళు అంటారే అవి), కంది, పెసర కలిపి వేసుకుని బతికారు జనం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం పథకం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, పేదింట్లో రోజూ అన్నం ఉడకడం అప్పట్లో చిన్న విషయమేం కాదు, దాన్ని ఏసీ రూంలో కూర్చుని తిట్టేవాళ్ళంటే నాకు చిరాకు. కానీ దాని దెబ్బ ఒకటి మెట్టసేద్యం మీద మెల్లగా పడింది, ఎండలో చెమటోడ్చి పండించిన జొన్నల కంటే రేషన్ షాపులో బియ్యం చవకైపోయాయి, ఇంక జొన్న ఎందుకు వెయ్యాలి? పైగా జొన్నరొట్టె అంటే లేనోళ్ళ తిండి, తెల్లన్నం అంటే మర్యాద అన్న లెక్క ఎలాగూ ఉంది. మెల్లగా పొలాలు పడావు పడ్డాయి, అంటే సాగు లేక బీడుగా మిగిలాయి, పొలం పడావు పడితే అందులో కూలి పోయింది, పశువుకి చొప్ప పోయింది.

అన్నిటికంటే పెద్ద నష్టం విత్తనానిది. రెండు మూడేళ్ళు వరసగా వెయ్యకపోతే ఇంట్లో విత్తనం చచ్చిపోతుంది, దాంతో పాటు అది ఎప్పుడు వెయ్యాలి, దేని పక్కన వెయ్యాలి, పురుగు పట్టకుండా ఎలా దాచాలి అన్న తెలివి కూడా ఎవరికీ అక్కర్లేనిదైపోతుంది. ఆ తెలివి ఎవరి దగ్గర ఉండేదంటే ఎక్కువగా దళితుల ఇళ్ళల్లో ఆడవాళ్ళ దగ్గర, అంటే ఊళ్ళో ఎవరి మాటా లెక్కలోకి తీసుకోరో సరిగ్గా వాళ్ళ దగ్గర.

యాదృచ్ఛికమే అనుకోండి, అదే 1983లో జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పెట్టినవాళ్ళలో ఒకరు పీ.వీ. సతీష్, అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి, 2023 మార్చిలో చనిపోయారు. తర్వాత తర్వాత సుమారు 75 ఊళ్ళు, 5 వేల మంది దాకా ఆడవాళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది ఎకరం రెండెకరాల దళిత రైతులు, సంఘాలుగా కూడారు. 1990ల మధ్యలో ఈ సంఘాలు చేసిన పని ఒకటి నాకు ఇప్పటికీ బ్రహ్మాండంగా అనిపిస్తుంది. పడావు భూములు బాగుచేసుకోవడానికి రైతులకి అప్పిచ్చారు, అప్పు డబ్బుగా కట్టక్కర్లేదు, పండిన జొన్నల్లో కొలిచి ఇవ్వాలి. ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వచేసి, పనులు దొరకని నెలల్లో పేద ఇళ్ళకి తక్కువ ధరకి అమ్మారు. మరి పేదవాళ్ళెవరు? ఆఫీసులో కూర్చుని లిస్టు రాయలేదు, ఊరంతా కూర్చుని నేలమీద ముగ్గుతో మ్యాపు గీసి, ఏ ఇల్లు ఎంత ఇబ్బందిలో ఉందో వాళ్ళే తేల్చారు. ఊరి నేల, ఊరి పని, ఊరి గింజ, ఊరి రేషన్. ఇదంతా జరిగాకే పాటకి దాని పని దొరికింది.

ఇప్పుడు ఆ చేను ఎలా ఉంటుందో దగ్గరకెళ్ళి చూద్దాం. వానాకాలంలో ఎర్రచెల్కలో ఒక ఎకరం అనుకోండి. జొన్న, కంది సాళ్ళు ముఖ్యం, మధ్యలో పెసర, మినుము, అలసంద, అనుము, ఇంకో పక్క కొర్ర, సామ, నువ్వులు, గట్టు వెంబడి పుంటికూర. కొత్తగా చూసినవాళ్ళకి గందరగోళం, ఎవరో గుప్పిట్లో దొరికింది దొరికినట్టు చల్లారేమో అనిపిస్తుంది, కానీ దాని వెనక పక్కా లెక్కుంది. పెసర రెండు రెండున్నర నెలల్లో చేతికొచ్చి ముందు ఇంటి కడుపు నింపుతుంది, తర్వాత కొర్ర, సామ, తర్వాత జొన్న, ఆఖర్న చలికాలంలో కంది. పప్పుజాతి వేర్లు గాలిలో నత్రజనిని పట్టి నేలకిస్తాయి కాబట్టి యూరియా బస్తా కోసం క్యూలో నిలబడే పని తగ్గుతుంది. మధ్యలో వాన ఎగ్గొడితే రెండు పంటలు పోతాయి, నాలుగు నిలుస్తాయి. చలికాలం వేసేవాటిలో కొన్ని వాన లేకుండా, నీళ్ళు పెట్టకుండా నేలలో ఉన్న తేమా పైనుంచి పడే మంచుతోనే పండుతాయి, వాటిని అక్కడి ఆడవాళ్ళు "సత్యం పంటలు" అంటారు. పండిన దాంట్లోంచి మంచి కంకులు ముందే ఏరి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి మట్టీ పేడా అలికిన బుట్టల్లో దాస్తారు. సంఘం దగ్గర్నుంచి విత్తనం తీసుకున్నవాళ్ళు పంటయ్యాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి వెనక్కివ్వాలి. మధ్యలో డబ్బు రాదు.

ఇక్కడే అసలు చిక్కుప్రశ్న. ఇన్ని రకాలు, ఒక్కోదానికి ఒక్కో అదను, ఒక్కో జోడీ, ఒక్కో నిల్వ పద్ధతి, ఇదంతా ఎక్కడ రాసిపెట్టుంది? ఎక్కడా లేదు. బడి మొహం చూడని ఆడవాళ్ళు దీన్ని ఎలా మోశారు?

మోసింది సాహిత్యమే, అచ్చులో లేని సాహిత్యం. మన కార్తె సామెతలు తీసుకోండి. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె, ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. తిథుల్లాగ ముందుకీ వెనక్కీ జరగదు, ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది, మృగశిర జూన్ 8 అటూఇటూ అన్నది చేపలు తినేవాళ్ళందరికీ తెలుసు. "రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయి", "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అని ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతే మే చివర నుంచి జూలై మొదటివారం దాకా దుక్కి ఎప్పుడు, విత్తనం ఎప్పుడు అన్న క్యాలెండర్ నోటికొచ్చేస్తుంది. ప్రాస ఉంది కాబట్టి మర్చిపోరు, ఎద్దు రంకె వెయ్యడం లాంటి బొమ్మ ఉంది కాబట్టి పిల్లలకి కూడా ఎక్కుతుంది. ఈ మధ్య వానలు కార్తెల మాట వినట్లేదు, అది నిజమే. అయితే ఆ సామెతలు చేసేది జోస్యం చెప్పడం కాదు, ఆకాశం వైపు చూడమని గుర్తుచెయ్యడం, ఆ అలవాటు ఉన్నవాళ్ళే వాన మారిందని కూడా ముందు కనిపెడతారు.

తర్వాత పాట. నాట్ల పాట, కలుపు పాట, విసుర్రాయి పాట, రోకటి పాట, ఏ పనికి ఆ పాట. వీటిని సీరియస్‌గా తీసుకున్న పండితులు మనకి లేకపోలేదు, బిరుదురాజు రామరాజు గారు 1950ల్లోనే ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. కానీ మనలో చాలామందికి జానపదం అంటే ఇప్పటికీ పెళ్ళి డీజేలో బీట్ పెంచి వేసేది. పనిలో పాట ఎలా నడుస్తుందో చూడండి. కలుపుకి పదిమంది వరసగా కూర్చుంటారు, ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు "ఉయ్యాలో" అనో "కోలో" అనో పల్లవి అందుకుంటారు. పల్లవి మారదు, చరణం ఎంతైనా పెంచుకోవచ్చు, సాలు అయ్యేదాకా పాట అవదు. పల్లవి పాడే ఆ రెండు సెకన్లు ముందున్నామెకి తర్వాతి లైను కట్టుకునే టైం. అంటే ఇందులో కవి అని వేరే ఎవరూ లేరు, ఎవరికి లైను తోస్తే వాళ్ళు ఎత్తుకోవచ్చు, అత్త మీదా కట్టొచ్చు, దొర మీదా కట్టొచ్చు, కొర్రలెప్పుడు కొయ్యాలో కూడా చెప్పొచ్చు. కొత్తగా వచ్చిన కోడలు మొదట పల్లవి మాత్రమే పాడుతుంది, రెండు మూడు సీజన్లకి పంటల పేర్లన్నీ నోటికొచ్చేస్తాయి, ఆ తర్వాత తనూ ఒక చరణం ఎత్తుకుంటుంది.

ఇక రాగం, లయ చేసే పని వేరు. పదిమంది చేతులూ ఒకే స్పీడులో కదులుతాయి, వెనకపడినామె మీద ఎవరూ అరవక్కర్లేదు, పాటే లాక్కెళ్తుంది. అంతకంటే ముఖ్యమైనది నోరు పెగలడం. ఊరి పెద్దమనిషి ముందు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడే మనిషి, గుంపులో పాడేటప్పుడు మాత్రం గొంతెత్తుతుంది. గొంతెత్తడం అలవాటైనవాళ్ళకి మీటింగులో మాట్లాడటం మరీ అంత కొత్తగా ఉండదు. పాటవల్లే అంతా జరిగిందని అనట్లేదు, చేతిలో విత్తనం, ఇంట్లో జొన్నలు ఉండటం వల్ల వచ్చిన ధైర్యం సగం. ఆ ధైర్యం ఎందాకా వెళ్ళిందంటే 2001లో ఆల్గోల్ అనే ఊళ్ళో "ప్రజాతీర్పు" పేరుతో ఒక కోర్టు లాంటిది కూర్చుంది, జ్యూరీలో చిన్న రైతులు, కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్ళే, సాక్షులుగా వచ్చింది ప్రభుత్వం వాళ్ళు, శాస్త్రవేత్తలు, విత్తన కంపెనీ వాళ్ళు. అప్పటి చంద్రబాబు ప్రభుత్వం ప్రణాళిక విజన్ 2020లో చెప్పినట్టు సేద్యం నుంచి జనాన్ని తగ్గించడం, జన్యుమార్పిడి పంటలు తేవడం మాకు వద్దని వాళ్ళు తీర్పిచ్చారు. ఆ తీర్పు సరైందా కాదా అన్నదాని మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది, దాంట్లోకి ఇప్పుడు వెళ్ళను, సంతకం పెట్టడం రానివాళ్ళు శాస్త్రవేత్తని కూర్చోబెట్టి క్వశ్చన్ చేశారన్నది నాకు చాలు.

సంక్రాంతికి మొదలయ్యే పాతపంటల జాతరలో ఈ మూడూ ఒకే బండి మీద కనిపిస్తాయి, ఉత్తినే అనడం కాదు, నిజంగా బండే. ఎడ్లబండ్లకి రంగులు, మామిడాకులు కట్టి, మట్టికుండల్లో, బుట్టల్లో రకరకాల విత్తనాలు పేర్చి, రెండు దశాబ్దాల పైనుంచి ఏటా జనవరి మధ్యలో బయల్దేరి నెలరోజుల పాటు ఊరూరూ తిప్పుతున్నారు. డప్పులు, కోలాటం, పాటలు, ఊళ్ళోవాళ్ళు ఎదురొచ్చి బండిలో ఉన్న విత్తనాలకి హారతిస్తారు. తర్వాత చెట్టుకిందో గుడి దగ్గరో కూర్చుని ఈ ఏడు ఏం పండింది, ఏం పోయింది, మీ దగ్గర లేని విత్తనం ఏంటి అని మాట్లాడుకుంటారు. వ్యవసాయశాఖ వాళ్ళు కూడా అవగాహన సదస్సులు పెడతారు కదా, తేడా ఏంటి? సదస్సులో అధికారి చెప్తాడు, రైతు వింటాడు. ఇక్కడ వచ్చిన అతిథి విత్తనం, దాని గురించి తెలిసింది ఊళ్ళోవాళ్ళకే. పేదోళ్ళ తిండి అని సిగ్గుపడ్డ గింజకి ఊరేగింపు జరుగుతుంటే ఆ సిగ్గు కాస్త తగ్గుతుంది. మర్యాద అనేది పాంప్లెట్లు పంచితే రాదు, పండగ చేస్తే వస్తుంది.

రేడియో కథ ఇంకా ఇంట్రెస్టింగ్. 1995లో సుప్రీంకోర్టు గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది, అయినా మామూలు జనానికి స్టేషన్ పెట్టుకునే వీలు రావడానికి 2006 పాలసీ దాకా ఆగాల్సొచ్చింది. 2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్‌ఎం, స్వచ్ఛంద సంస్థకి వచ్చిన మొదటి కమ్యూనిటీ రేడియోల్లో అది ఒకటి. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. చుట్టూ పాతిక కిలోమీటర్లు వినిపిస్తుందేమో, అంతే. కానీ ఆ పాతిక కిలోమీటర్లలో మొదటిసారి రేడియోలో వాళ్ళ యాసే వినిపించింది, పక్కనే బీదర్ కాబట్టి కన్నడం, ఉర్దూ కలిసిన ఆ తెలుగుని అంతకుముందు సినిమాల్లో నవ్వించడానికే వాడేవాళ్ళు. ముసలమ్మలు పాడిన పాటలు, మందాకులు, విత్తనం ముచ్చట్లు, అన్నీ రికార్డయ్యాయి. ఒక వింత ఏంటంటే రూల్స్ ప్రకారం కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఊళ్ళో బోరు ఎండిందని వార్తగా చెప్పడం కుదరదు, అదే పాట కట్టి పాడితే ఎవడాపుతాడు?

ఇంతవరకు ప్రకృతి నుంచి పాట వైపు వచ్చాం. రివర్సులో కూడా చూడాలి, చెట్టు పోతే సంగీతం ఏమవుతుంది? బొబ్బిలి వీణ అందరికీ తెలిసిందే, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పక్కనే గొల్లపల్లిలో చేస్తారు, ఒకే పనసదుంగని తొలిచి చేసేది ఏకాండి వీణ. ఎదిగిన పనసచెట్టు కావాలి, చేవ తేలిన కర్ర కావాలి, అలాంటి చెట్లు తగ్గుతుంటే కళాకారులు కర్ర కోసం తిరగాల్సొస్తోంది. కచేరీలకి స్పాన్సర్లు దొరుకుతారు గానీ, పనసమొక్క నాటి ఇరవై ముప్ఫై ఏళ్ళు ఆగే స్పాన్సర్ దొరకడు.

దీనికంటే నన్ను ఎక్కువ కదిలించేది గునుగు. బతుకమ్మకి తంగేడు, గునుగు ప్రాణం. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయ్యింది, సంతోషం. గునుగు మాత్రం ఎవరూ వెయ్యరు, అది చేలల్లో తనంతట తను మొలిచే కలుపుమొక్క. లేతగా ఉన్నప్పుడు కూర వండుకుంటారు, భాద్రపదం నాటికి తెల్లగా పూతకొస్తుంది. జొన్న, కంది కలిపేసిన చేలో చేత్తో కలుపు తీస్తే కొంత తీస్తారు, కొంత కూరకి కోస్తారు, గట్టుమీద కొంత వదిలేస్తారు. పత్తి చేలో కలుపుమందు కొడితే గునుగు, దొగ్గలికూర, జొన్నచెంచలి అన్నీ ఒకేసారి పోతాయి. మందు డబ్బా మీద అది కలుపు, ఆ ఇంట్లో అది కూర, పండక్కి అదే దేవత. అదే మందుతో కలుపుకి కూర్చునే పదిమంది గుంపు కూడా పోతుంది, గుంపు పోతే పాటకి చోటు లేదు. మందు కొట్టేవాడు ఒక్కడే, వీపుకి పంపు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. హైదరాబాద్‌లో మనం మార్కెట్లో గునుగు కట్టలు కొని, రంగుల్లో ముంచి, లౌడ్‌స్పీకర్లో పెట్టిన పాటకి చప్పట్లు కొడతాం. తప్పని అనట్లేదు, ఆడపిల్లలు రోడ్డు మీదకొచ్చి ఆడుకునే పండగ ఎక్కడున్నా మంచిదే, కానీ ఆ పాటకి లైను కలపడం మనలో ఎంతమందికి వచ్చు?

ఇక ఇబ్బందులు, వీటిని దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసం కూడా సెమినార్ పేపరే అవుతుంది. మొదటిది కులం. విత్తనానికి హారతిచ్చిన ఊళ్ళోనే దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఉండొచ్చు, పాట దాన్ని కరిగించేస్తుందనుకోవడం అమాయకత్వం. రెండోది, బయటి ఫండ్స్, బయటి పేరు. 2019లో ఈ సంఘాలకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది, గొప్పే, కానీ ప్రైజులు చూసి పిల్లలు సేద్యంలోకి రారు. మూడెకరాల చేలో ఎన్ని పంటలు పండినా కాలేజీ ఫీజు కట్టేంత నగదు రావడం కష్టం, అందుకే పత్తి, చెరుకు, పట్నంలో వాచ్‌మన్ ఉద్యోగం. మూడోది కాస్త వెటకారమైన సంగతి. 2018లో కేంద్రం వీటిని పోషక ధాన్యాలని పేరు మార్చింది, 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చేసింది, షుగర్ పేషెంట్లంతా కొర్రల మీద పడ్డారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో కొర్రబియ్యం రేటు సోనామసూరి కంటే ఎక్కువ. నలభై ఏళ్ళ క్రితం బియ్యం చవకై జొన్నకి దూరమైన ఇల్లు, ఇప్పుడు కొర్రలు ప్రియమై మళ్ళీ దూరం. గింజకి మర్యాదొచ్చింది, పండించినామెకి కాదు.

మరి చెయ్యాల్సింది ఏంటి అంటే నాకైతే కొత్త స్కీమ్ కూడా అక్కర్లేదనిపిస్తుంది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడే అందులో రాశారు, కిలో మూడు రూపాయలకి బియ్యం, రెండు రూపాయలకి గోధుమలు, రూపాయికి ముతక ధాన్యాలు అని. ముతక ధాన్యాలంటే జొన్న, సజ్జ, రాగి ఇవే. చట్టంలో ఆ లైను రావడం వెనక పస్తాపూర్ లాంటి చోట్ల జరిగిన పని, చేసిన గోల కూడా కొంత ఉంది. ఊరి చుట్టూ పండిన జొన్నని ఊళ్ళోనే కొని ఊరి రేషన్ షాపులో ఇస్తే పొలం, కూలి, కలుపుకి కూర్చునే గుంపు ఒక్కోటీ తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. తెలంగాణ రేషన్ షాపుల్లో మాత్రం 2025 ఉగాది నుంచి దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు, జనం కూడా బాగున్నాయనే అంటున్నారు, జహీరాబాద్‌లో కూడా.